తొలి చాకు: పిల్లల చేతికి ఎటువంటిది ఇవ్వాలి?

ఆర్మూర్: ఎండాకాలం సెలవులు వచ్చాయంటే పల్లెల్లో పిల్లలకు మూడే పనులు. మామిడి తోటల వెంట తిరగడం, చెరువు కట్ట కింద చిర్రగోనె ఆడడం, ఇంట్లో పెద్దవాళ్లను చాకు కొనిపెట్టమని సతాయించడం. చిర్ర చెక్కుకోవాలన్నా, పచ్చి మామిడికాయ కోసి ఉప్పుకారం అద్దుకోవాలన్నా, వేపపుల్ల కోసుకోవాలన్నా చాకు ఉన్నవాడే దొర. వారపు అంగడిలో ఇనుప సామాన్ల దుకాణం ముందు ఎనిమిది, తొమ్మిదేళ్ల పొలగాడు నిలబడిపోయి "బాపూ, గా ఎర్ర పిడిది కొనియ్యి" అని మారాం చేయడం ఈ జిల్లాలో ఏ అంగడిలోనైనా కనబడేదే. తండ్రి ఒక అంగడికి కసురుతాడు, రెండో అంగడికి కసురుతాడు. మూడో అంగడికి విసిగిపోయి దుకాణదారు చేతికి అందించినదేదో కొని పిల్లవాడి జేబులో వేస్తాడు. చిక్కు అక్కడే వస్తున్నది.

చెప్పుల జత కొనేటప్పుడు పిల్లవాడి కాలు పెట్టి చూస్తారు. చొక్కా కొనేటప్పుడు వీపుకు ఆనించి చూస్తారు. చాకు విషయంలో మాత్రం చెయ్యి పెట్టి చూసేవారు తక్కువ. ఏ చాకైనా ఒకటేనన్న భావన పెద్దల్లో ఉన్నది. అది సరికాదు. వేలు తెగేదీ తెగనిదీ సగం వరకు కొన్న రోజునే తేలిపోతుంది.

ఇవ్వకపోతే ఆగుతుందా?

పిల్లలకు కత్తి అసలే ఇవ్వరాదనే తల్లులు ఉన్నారు. వారి భయం వారిది. కాని ఇవ్వనంత మాత్రాన పిల్లవాడు కత్తి పట్టకుండా ఉంటున్నాడా? గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచి పెన్సిలు చెక్కుతున్నాడు. దానికి పిడి లేదు, పట్టు లేదు. పెన్సిలు కంటే ముందు వేలే తెగుతుంది. రంపపు బ్లేడు ముక్కకు గుడ్డపీలిక చుట్టి కత్తి అంటున్నాడు. లేదా అవ్వ చూడకుండా వంటింట్లోని పెద్ద కత్తిని చొక్కా కింద పెట్టుకుని తోటకు పరుగెత్తుతున్నాడు. దొంగచాటున పట్టిన కత్తి వెంట పెద్దల కన్ను ఉండదు. తెగినా చెప్పడు, గుడ్డ చుట్టి దాచిపెడతాడు. దాచిన గాయం చీము పట్టిన తరువాతగాని ఇంట్లో తెలియదు. అందుచేత తగిన వయస్సులో, తగిన కత్తిని పెద్దలే చేతికిచ్చి పక్కన కూర్చోవడం మేలు.

వయస్సు ఇంత అని గీత గీయడం కష్టం. సాధారణంగా ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య అనుకోవచ్చు. ఏడేళ్లకే ఒద్దికగా కూర్చునే పిల్లలుంటారు, పన్నెండేళ్లు వచ్చినా చేతిలో ఏదుంటే దాన్ని విసిరేవారుంటారు. దూడను పలుపుతో కట్టేసి రమ్మంటే ముడి సరిగా వేసి వస్తాడా, "ఆగు" అంటే చేతిలోని పని ఆపి తల ఎత్తుతాడా, కోపం వస్తే చేతిలోనిది నేలకు కొడతాడా? ఈ మూడూ చూస్తే పెద్దలకే తెలిసిపోతుంది. మూడోది ఉన్నంత కాలం చాకు మాట ఎత్తకూడదు.

అంగడి చాకు సంగతి

అంగడిలో ఎక్కువగా కనిపించేది మడత చాకు. ఎర్ర, పచ్చ ప్లాస్టిక్ పిడి, తళతళలాడే అలుగు. పిల్లలను ఆకర్షించేది ఆ తళుకే. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా అని పెద్దలు అననే అన్నారు.

ఈ మడత చాకులో ఉన్న లోపం కంటికి కనిపించదు. అలుగు తెరిచినప్పుడు దానిని వెనుక నుంచి ఒక చిన్న స్ప్రింగు నొక్కి పట్టుకుని ఉంటుంది, అంతే. తాళం వంటిది ఏదీ ఉండదు. కోత కోసేటప్పుడు బలం వాదర వైపు పడుతుంది గనుక అలుగు నిలుస్తుంది. అదే పిల్లవాడు మొనతో కాయకు బొక్క పొడవబోయినా, కర్రలో దిగిన అలుగును వెనక్కు లాగబోయినా, బలం తిరగబడి అలుగు టక్కున మూసుకుంటుంది. పిడి చుట్టూ ఉన్నవి పిల్లవాడి నాలుగు వేళ్లు. వాదర వచ్చి పడేది వాటి మీదనే. మడత చాకుతో జరిగే గాయాల్లో వేలి లోపలివైపు నరం దాకా తెగేది ఇలాగే.

కొనేముందు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. చాకు తెరిచి, పిడిని రెండు పక్కల నుంచి మాత్రమే పట్టుకుని, వేళ్లు అలుగు దారిలో లేకుండా చూసుకుని, అలుగు వెన్నును బల్ల అంచుకు ఆనించి మెల్లగా నొక్కాలి. సులువుగా మడత పడితే అది పిల్లలకు పనికిరాదు. తరువాత అలుగు మొనను పట్టి అటూ ఇటూ కదిపి చూడాలి. రివెట్టు వదులై ఊగుతుంటే పెద్దలకు కూడా పనికిరాదు. బొత్తాం నొక్కితే ఎగిరి తెరుచుకునే స్ప్రింగు కత్తులు కూడా జాతర్లలో అమ్ముతుంటారు. వాటి జోలికి పోనే కూడదు.

తెరిచిన తరువాత అలుగు తాళం పడే మడత చాకులు కూడా ఉన్నాయి. అవి మంచివే. అయితే వాటిని మూసేటప్పుడు తాళం తీయడానికి బొటనవేలును అలుగు దారిలో పెట్టవలసిన రకాలే ఎక్కువ. చెయ్యి అలవాటు పడని పిల్లవాడికి అది రెండో చాకుగా ఇవ్వదగినదేగాని మొదటిది కాదు.

మొదటిది మడత లేనిదే కావాలి. అలుగు పిడిలోకి దిగి గట్టిగా కూర్చున్న చిన్న కత్తి, దానికి తోలుదో మందపాటి గుడ్డదో ఒక ఒర. జేబులో వేసుకుని తిరగడానికి వీలుండదని పిల్లవాడు మూతి ముడుస్తాడు. వీలు లేకపోవడమే మంచిది. పని ఉన్నప్పుడే ఒరలో నుంచి తీస్తాడు, పని కాగానే గూట్లో పెడతాడు.

కొలత పిల్లవాడి చేతిదే

అలుగు పొడవు పిల్లవాడి అరచేతి వెడల్పుకు మించరాదు. అంటే మూడంగుళాల లోపు. అంతకంటే పొడవైతే మొన ఎటు తిరుగుతున్నదో వాడికి తెలియదు. పిడి వాడి పిడికిట్లో నాలుగు వేళ్లూ పట్టి, చివర చిటికెడు మిగలాలి. లావుపాటి పిడి పట్టు చిక్కక తిరిగిపోతుంది, సన్నపాటి పిడి పట్టి పట్టి వేళ్లు నొప్పి పుడతాయి. తండ్రి తన చేతిలో పట్టి చూసుకుని బాగుందని తెచ్చిన కత్తి కొడుకు చేతిలో బాగుండదు. పిల్లవాడిని వెంట తీసుకుపోవలసిందే.

మొన గుండ్రంగా ఉండాలి. కోత గాయం కంటే పోటు గాయం ప్రమాదం. కోత పైకి కనిపిస్తుంది. పోటు లోపలికి దిగి పైన చిన్న చుక్కలా ఉంటుంది. ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చున్నప్పుడు కంటికి తగిలేదీ మొనే. కాయ కోయడానికి, పుల్ల చెక్కడానికి, తాడు తెంపడానికి మొనతో పనే లేదు. ఫ్రాన్సు దేశంలో 1890 నుంచి చాకులు చేస్తున్న ఒపినెల్ కంపెనీ కూడా పిల్లల తొలి చాకు అని ప్రత్యేకంగా ఒకటి అమ్ముతున్నది. దానికి కూడా మొన గుండ్రనిదే. ఇక్కడైతే సానపట్టేవాడు క్షణంలో మొనను గుండ్రంగా అరగదీసి ఇస్తాడు.

ఇంకొక సంగతి చాలామంది చూడరు. పిడికీ అలుగుకూ మధ్య వేలు ముందుకు జారకుండా ఏదో ఒక అడ్డు ఉండాలి. అలుగు మడమ పిడి కంటే కాస్త కిందికి దిగి ఉన్నా చాలు. పిడి, అలుగు ఒకే గీతలో ఉన్న కత్తితో గట్టిగా నొక్కినప్పుడు, అందులోనూ మామిడి సొన అంటి చెయ్యి జారుడుగా ఉన్నప్పుడు, చూపుడు వేలు నేరుగా వాదర మీదికి పోతుంది.

కమ్మరి కొలిమిలో

ఇన్ని కోరికలకు సరిపడే కత్తి అంగడి గుట్టలో వెతికితే దొరకడం కష్టం. ఊళ్లో కమ్మరి ఉంటే ఆ పని సులువుగా అవుతుంది. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలపడిన తరువాత చాలా ఊళ్లలో కొలిమి చల్లారిన మాట నిజమే. పక్క ఊరికైనా పోయి చేయించుకోవడం దండగ కాదు.

కమ్మరి చేతిలో ఇప్పుడు కత్తిగా మారేది ఎక్కువగా పాత లారీ కమాను పట్టీయే. అది మంచి ఉక్కు. దానిని కాల్చి, దాకలి మీద సాగగొట్టి, అలుగు తీసిన తరువాత అసలు పని మొదలవుతుంది. ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. సరైన వేడి వచ్చిందో లేదో కమ్మరి నీడలో పెట్టి రంగు చూసి చెబుతాడు. ఆ వేడిలో ఉక్కుకు అయస్కాంతం కూడా పట్టదు. అలా ముంచిన ఉక్కు గట్టిదేగాని గాజులా పెళుసు. కింద పడితే పెచ్చు లేస్తుంది. అందుకే దానిని మళ్లీ సన్నని సెగకు పెట్టి, మెరుగు మీద ఎండుగడ్డి రంగు పాకగానే తీసేస్తారు. అప్పటికి పెళుసు తగ్గి పదును నిలుస్తుంది. ఈ రెండో కాల్పు లేకుండా ఇచ్చిన కత్తి వాదర పెచ్చులు పెచ్చులుగా పోతుంది. ముంచడమే లేకుండా రేకును కోసి చేసినది రెండు కాయలకే మొండిపడుతుంది. అనుమానం ఉంటే ఆకురాయితో అలుగు అంచు మీద ఒకసారి రాసి చూడమనాలి. ఆకురాయి జారిపోతే పదును పోసిన ఉక్కు, కొరుక్కుపోతే వట్టి ఇనుము.

ఉక్కు మాట వచ్చినప్పుడు ఈ జిల్లావారు ఒకటి గుర్తు చేసుకోవచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు గడ్డల కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. డమాస్కస్ ఖడ్గాలని ప్రపంచం చెప్పుకునేవి ఇటువంటి ఉక్కుతో చేసినవే. సర్వే శాఖలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన వాయిసీ ఆ తయారీని చూసి రాసిపెట్టిన వివరం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ కొలుములు ఆరిపోయి చాలా కాలమైంది. అదే జిల్లాలో మన పిల్లవాడి చాకుకు లారీ కమాను పట్టీ గతి అయిందంటే నవ్వు వస్తుంది గాని, చెయ్యి తెలిసిన కమ్మరి దానితోనే నిండు కత్తి చేయగలడు.

పిడికి తుమ్మ కర్ర మంచిది. అలుగు తోకను పిడిలోకి దించి, లక్క పోసి, మెడ దగ్గర ఇనుప పొన్ను వేయించాలి. పొన్ను లేని పిడి ఎండకు పగిలి ఒకనాడు అలుగు ఊడి చేతికి వస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు మంచిదా, ఈ నల్ల ఉక్కు మంచిదా అని అడిగేవారున్నారు. స్టీలుకు తుప్పు పట్టదు గాని, అంగడిలో దొరికే చవుక రకాలకు పదును నిలవదు. నల్ల ఉక్కు మామిడికాయ పులుపుకు మచ్చలు పడుతుంది, తడి ఉంచితే తుప్పు పడుతుంది. కాని సానరాయి మీద నాలుగు రుద్దులకే పదును వస్తుంది. తుడిచి నూనె రాసి పెట్టే పని పిల్లవాడికి అప్పగిస్తే సరిపోతుంది. కత్తిని చూసుకోవడం నేర్చుకున్నవాడు దానితో ఆటలాడడు.

మొండి కత్తి మంచిదనుకోవద్దు

పిల్లవాడికి కదా అని వాదరను రాతికి రుద్ది మొండి చేసి ఇచ్చే తండ్రులు ఉన్నారు. ఇది అన్నిటికంటే పెద్ద పొరపాటు. పదునున్న కత్తి కొద్ది బలానికే దిగుతుంది, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. మొండి కత్తిని పిల్లవాడు రెండు చేతులా నొక్కుతాడు. అది కాయ తొక్క మీద జారి అదే బలంతో ఎడమచేతి మీద పడుతుంది. మొండి కత్తి చేసిన గాయం చీలికగా ఉండదు, చెండినట్లు ఉంటుంది, మానడానికి ఆలస్యం. పదును ఉందో లేదో బొటనవేలితో చూసే అలవాటు కూడా పిల్లలకు నేర్పకూడదు. పండిన టమాటా మీద కత్తి పెట్టి నొక్కకుండా లాగితే తొక్క తెగాలి. తెగకపోతే సానపెట్టాలి.

ఎడమచేతి వాటం పిల్లలుంటే కత్తికి రెండు వైపులా సమంగా సానపట్టించాలి. కొడవలికి పళ్లు ఒకవైపే కొడతారు. అది కుడిచేతి వాటానికి చేసినది. ఎడమచేత్తో పట్టినప్పుడు గడ్డి తెగక జారుతుంది. ఆ పిల్లవాడిని పని చేతకానివాడని తిట్టిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. తప్పు కొడవలిది.

ఆడపిల్ల సంగతి?

చాకు కోసం ఏడ్చే కొడుకును చూసి ఇంత ఆలోచించే ఇంట్లోనే, ఎనిమిదేళ్ల బిడ్డను కత్తిపీట ముందు కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు కోయమంటారు. అది తొలి కత్తి అని ఎవరికీ తోచదు. నేర్పేవారు ఉండరు, అవ్వ చేస్తుంటే చూసి నేర్చుకోవలసిందే. కత్తిపీటలో కత్తి కదలదు, చెయ్యే కత్తి మీదికి పోతుంది. కంట్లో ఉల్లి ఘాటు తగిలి నీళ్లు కారుతున్నప్పుడు ఆ బిడ్డకు తన వేళ్లు ఎక్కడున్నాయో కనబడదు. పీటను కాలితో సరిగా తొక్కిపట్టే బరువు కూడా ఆ వయస్సుకు ఉండదు, అది ఊగుతుంది. లేచి పోయేటప్పుడు కత్తిపీట నిలబెట్టి ఉంటే పాకే చంటిపిల్లలు దాని మీద పడతారు.

ఆడపిల్లకైనా మొదట చిన్న కత్తి, ఒక చెక్క పలక ఇచ్చి నేల మీద కూర్చుని కోయడం నేర్పితే, కత్తిపీట బరువు వచ్చిన తరువాత చూసుకోవచ్చు. పని కాగానే కత్తిపీటను పక్కకు పడుకోబెట్టి గోడకు తిప్పి పెట్టాలి. మడత కత్తిపీట అయితే మడిచే పెట్టాలి. చిర్ర చెక్కుకోవాలని ఆ పిల్లకు మాత్రం ఉండదా అనేది ఇంకో ప్రశ్న. చాలా ఇళ్లలో ఎవరూ అడిగినట్లు లేదు.

మొదటి పాఠాలు

కత్తి ఇచ్చిన రోజునే తోటకు పంపకూడదు. మొదటి కొన్ని వారాలు పెద్దవారు పక్కన ఉన్నప్పుడే కత్తి గూట్లో నుంచి దిగాలి. నిలబడి కాదు, కూర్చునే కోయాలి. చేయి చాచి చుట్టూ తిప్పితే ఎవరికీ తగలనంత దూరం ఉండాలి. తమ్ముడు, చెల్లె ఆ గిరిలోకి రాగానే కత్తి ఆగాలి.

మొదట దోసకాయ, సబ్బు ముక్క. తరువాత పచ్చి వేపపుల్ల. ఎండిన కర్ర కంటే పచ్చికర్ర మెత్తగా తెగుతుంది, కొత్త చేతికి అదే మంచిది. వెదురు మాత్రం వద్దు. అది ఒక్కసారిగా చీలి కత్తిని జారనిస్తుంది, దాని చీలికే బ్లేడులా కోస్తుంది. కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా పోవాలి. పుల్లను తొడ మీద పెట్టుకుని గాని, రెండు కాళ్ల నడుమ పెట్టుకుని గాని చెక్కరాదు. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉన్నది. అది తెగితే ఆసుపత్రికి చేరేంత వ్యవధి ఉండదు. మోకాళ్లకు మోచేతులు ఆనించి, పుల్లను మోకాళ్ల ముందుకు పెట్టి చెక్కమనాలి.

ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి కత్తి పోనే కూడదు. కింద పెట్టాలి, రెండోవాడు తీసుకోవాలి. పల్లెల్లో పెద్దలు సున్నం, ఉప్పు చేతికి ఇవ్వకుండా కింద పెట్టడం పిల్లలు చూస్తూనే ఉంటారు కనుక ఇది త్వరగా అబ్బుతుంది. ఒరలో లేని కత్తితో నడవకూడదు, చెట్టు ఎక్కకూడదు, చెట్టు మొద్దుకు గురిచూసి విసరకూడదు. బడి సంచిలో చాకు ఉండరాదు. బస్సులోనూ, జాతరలోనూ వద్దు. 9 అంగుళాల కంటే పొడవు గాని, 2 అంగుళాల కంటే వెడల్పు గాని ఉన్న కత్తులు, ఇంటి పనికో వ్యవసాయానికో చేసినవి కాకపోతే, ఆయుధాల చట్టం లెక్కలోకి వస్తాయి. మూడంగుళాల చాకుకు ఆ బాధ లేదు గాని, పదిమందిలో కత్తి తీసిన పిల్లవాడిని చూసి ఎవరూ కొలబద్ద పెట్టి కొలవరు.

తెగితే ఏం చేయాలి?

ఎంత చూసినా ఒకసారి తెగుతుంది. తెగినందుకు కొట్టరాదు. కొడితే రెండోసారి దాచిపెడతాడు. శుభ్రమైన నీటి ధార కింద కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచాలి. పది నిమిషాలు తీసి తీసి చూడకుండా ఉంచితే చిన్న గాయాల్లో రక్తం ఆగిపోతుంది. పసుపు, కాఫీపొడి, బీడీ బూడిద, ఆకు పసరు, మన్ను పూయడం మానాలి. రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకుని ఉన్నా, వేలు మడవలేకపోయినా, వేలి కొస మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి పోవలసిందే. మడవలేకపోతున్నాడంటే లోపలి నరం తెగిందని అర్థం. కొద్ది రోజులు పోతే అదే సర్దుకుంటుందని ఊరుకున్నవారికి ఆ వేలు కర్రలా మిగులుతుంది. కంటికి తగిలితే నలపరాదు, అదమరాదు, నీళ్లు కొట్టరాదు. గుడ్డు మీద ఒత్తిడి పడకుండా కాగితం కప్పు వంటిది బోర్లించి తీసుకుపోవాలి. అంబులెన్సుకు 108.

పేడ, మట్టి ఉండే చోట కోత గాయానికి ధనుర్వాతం భయం ఉన్నది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో 5, 6 ఏళ్లకు డీపీటీ, తరువాత 10 ఏళ్లకు, 16 ఏళ్లకు టీడీ అనే సూదులు ఉన్నాయి. పదేళ్ల సూది పడిందో లేదో తల్లులు ఏఎన్ఎమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. చాకు కొనే ఇంట్లో ఈ లెక్క ముందే చూసుకోవడం మంచిది.

కమ్మరి దగ్గర చేయించదలచినవారు ఉగాది వెళ్లగానే చెప్పి పెట్టుకోవాలి. మృగశిర దగ్గర పడే కొద్దీ గుంటక పాసలు, కొడవళ్లు, గొడ్డళ్లు బాగుచేయించుకునేవారు కొలిమి చుట్టూ చేరతారు. అప్పుడు చిన్న చాకు మీద పెట్టడానికి ఆయనకు తీరిక దొరకదు. పోయేటప్పుడు ఉక్కు ముక్క, తుమ్మ కర్ర తీసుకుపోతే ఖర్చు తగ్గుతుంది. పిల్లవాడిని కూడా తీసుకుపోయి పిడి కొలత అక్కడే చూపించాలి.